బరువు వెనక కాలి మీద

త్బిలిసీలో ఫిబ్రవరి.
మూతపడ్డ పట్టుమిల్లు మూడో అంతస్తులో
వేసవి గౌన్లకు ఫొటోలు తీస్తున్నారు.
కిటికీ అద్దాలకు మంచు,
నూత్సా భుజాలకు నూనె.

నా పని గౌను వెనక.
వదులైన చోటల్లా గుడ్డ లాగిపట్టి
క్లిప్పులు పెడతాను, దండెం మీద బట్టలకు పెట్టేవే.
ఇవాళ పసుపు గౌనుకు పదకొండు.
ముందు నుంచి చూస్తే ఒంటికి పోతపోసినట్టుంటుంది.
నా వైపు నుంచి ముళ్లపంది.

లమారా వచ్చి బల్ల మీద కూర్చుంది.
ఒకప్పుడు నాట్యబృందంలో
పాదాలు కనపడకుండా పడవలా జారిన మనిషి.
ఇప్పుడు మోకాలికి పట్టీ, వేళ్ల మధ్య ఆరిన సిగరెట్టు.
ఆమె మాటలకే డబ్బులిస్తారు.

"బరువు వెనక కాలి మీద వెయ్యి పిల్లా.
ముందు కాలు ఊరికే వచ్చిన చుట్టం,
దానికి పని చెప్పకు.
మోచేతికీ నడుముకీ మధ్య కాస్త వెలుతురు పోనీ,
అలా అదిమితే చెయ్యి పిండిముద్దలా పరుచుకుంటుంది.
గడ్డం పైకి కాదు, ముందుకి,
తాబేలు ఎండను వాసన చూసినట్టు.
పక్క నుంచి వెర్రిగానే ఉంటుంది, ఉండనీ,
కెమెరా పక్కన లేదుగా."

చేతుల దగ్గరే అందరూ ఓడిపోతారు.
ముఖం తొందరగా నేర్చుకుంటుంది అబద్ధం,
చేతులకు ఏళ్లు పడతాయి.
గంట నుంచీ నూత్సా వేళ్లు
కిక్కిరిసిన బస్సులో కడ్డీ పట్టుకున్నట్టే ఉన్నాయి.
లమారా కుంటుకుంటూ లేచి
జేబులోంచి అక్రోటుకాయ తీసి
ఆ అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి,
మళ్లీ తెరిచి, కాయ తీసేసుకుంది.
"ఇప్పుడది లేదు. లేనిదాన్ని పట్టుకో."
క్లిక్కు.
ఇరవై సార్లు క్లిక్కు.

ఊపిరి నిండా పీలిస్తే మెడనరాలు చాడీ చెబుతాయి.
మొత్తం వదిలేస్తే కళ్లు ఆరిపోతాయి.
సగంలో ఎక్కడో ఒక క్షణం ఉందట,
దానికోసం బేసో కెమెరా వెనక
గాలం వేసినవాడిలా గుడ్లప్పగించి ఉంటాడు.

బ్యాటరీ మార్చే నిమిషమున్నర నాకిష్టం.
అప్పుడు నూత్సా రెండు కాళ్ల మీదా నిలబడుతుంది,
పొట్ట వదిలేసి,
ముక్కు ఎగబీల్చి,
చెప్పులు విప్పి మడమకు మడమ రుద్దుకుంటూ.
నా కోటు కప్పుతాను, క్లిప్పులు గుచ్చుకోకుండా
వెనక ఎత్తిపట్టుకుని.
ఆ నిలబడడాన్ని ఎవరూ కొనరు.

పోయిన నెల పింఛను కార్డుకు ఫొటో కావాల్సి వచ్చింది.
పదిహేడేళ్లు ఈ విద్యకు వెనక నిలబడ్డదాన్ని,
ఆ కుర్రాడి ముందు బరువు వెనక కాలికి మార్చాను.
"స్టూలుంది, కూర్చోండమ్మా."
గడ్డం ముందుకు చాచాను.
"వెనక్కి. నవ్వొద్దు."
చేతులో?
"చేతులు పడవు."
కార్డులో ఎవరో ఉన్నారు,
అప్పడగడానికి వచ్చి నోరు పెగలక కూర్చున్నావిడ.
నూత్సాకు చూపిస్తే పకపకా నవ్వింది,
మళ్లీ చూసి ఆగిపోయింది.

ఇవాళ సాయంత్రం దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతుంటే
"ఆ ఒక్కటీ ఉంచు బేసో," అంది.
"దేయిదా ఎతేరీ, ఇలా రా."
తెల్లకాగితం మీద నా బూట్ల తడి.
చల్లటి వేళ్లతో నా స్వెటర్ వెనక
తనే లాగి, తనే క్లిప్పులు పెట్టింది.
ఎన్నో నాకు కనపడలేదు.
జీవితంలో మొదటిసారి నేను ముందున్నాను.
చేతులకేదైనా ఇవ్వమని లమారాను అడిగితే
అక్రోటు ఎప్పుడో పగలగొట్టి తినేశానంది,
నములుతూనే.

ఫొటో ఎలా వచ్చిందో చూడలేదు, నూత్సా ఫోనులో ఉంది.
మినీబస్సు ఎక్కి వెనక్కి ఆనుకుంటే
వీపులో ఏదో గుచ్చుకుంది.
ఒకటి మర్చిపోయింది పిల్ల.
దిగేదాకా తియ్యలేదు.